రేడియో తరంగాలను మన ఒళ్లు ఎంత పీల్చుకుంటుంది?

ఎదురింటి మేడ మీద సెల్‌ఫోన్ టవరు లేచింది మొదలు బెంగపెట్టుకునేవారు చాలామంది ఉన్నారు. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ బెంగ రెట్టింపు. అసలు ఆ తరంగాలలో మన ఒంటికి చేరేదెంత, అది ఎలా తెలుస్తుంది? ముందు ఇది అర్థం చేసుకుంటే భయపడవలసింది దేనికో, అక్కర్లేనిది దేనికో మీకే తెలుస్తుంది.

సామాను చేరని కొత్త ఇంట్లో మాట్లాడి చూడండి. మాట గోడలకు కొట్టుకుని మారుమోగుతుంది. పరుపులు, బట్టలు, నలుగురు మనుషులు వచ్చి చేరాక ఆ మోత తగ్గిపోతుంది. శబ్దాన్ని అవి పీల్చుకున్నాయన్నమాట. రేడియో తరంగాలకూ ఇలాంటి గదే ఉంది. రెవర్బరేషన్ ఛాంబర్ అంటారు. గోడలు, కప్పు, నేల, తలుపు అన్నీ లోహపు రేకులే. లోపల మడతలు మడతలుగా ఉన్న పెద్ద రేకు ఒకటి తిరుగుతూ ఉంటుంది. అందువల్ల తరంగాలు ఒకచోట పోగుపడకుండా అన్ని దిక్కుల నుంచీ వస్తాయి. ముందు ఖాళీ గదిలో తరంగాల బలం ఎంత నిలిచిందో కొలుస్తారు. తరవాత ఒక మనిషిని కూర్చోబెట్టి మళ్లీ కొలుస్తారు. తగ్గినంతా ఆ మనిషి పీల్చుకున్నదే! ఈ పరీక్షకు వాడే శక్తి బహుస్వల్పం కనుక కూర్చున్నవారికి బాధేమీ లేదు.

లెక్కను వైశాల్యంలో చెబుతారు. సెల్‌ఫోన్ తరంగాల వంటి వాటికి పెద్ద మనిషి ఒళ్లు సుమారు పావు చదరపు మీటరు పాటి కిటికీతో సమానం. ఆ కిటికీలో పడ్డది లోపలికి పోయినట్టే. ఒంట్లోని నీరు, లవణాలే ఇందుకు కారణం. ఎండిన చెక్క, గాజు పెద్దగా పీల్చుకోవు. మీ వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ గదికి చిన్న తమ్ముడే. పదార్థమేదీ పెట్టకుండా దాన్ని నడపవద్దనేది అందుకే. పీల్చుకునేది లేక తరంగాలు తిరిగి యంత్రం మీదికే పోతాయి.

ఎక్స్‌రేలాగా అణువులను చీల్చే శక్తి ఈ తరంగాలకు లేదు. ఒంట్లో ఇంకినది వేడిగా మారుతుంది. కిలో బరువుకు 4 వాట్లు ఇంకితే ఒంటి వేడి సుమారు ఒక డిగ్రీ సెంటిగ్రేడు పెరగవచ్చు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సామాన్య జనానికి ఒళ్లంతటికీ కలిపి హద్దు అందులో యాభయ్యో వంతు, 0.08 వాటు. పసిపిల్లలకు బరువు తక్కువైనా, బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ. కాబట్టి కిలోకు వారి వాటా పెద్దలకంటే ఎక్కువే పడుతుంది. అన్నం తినిపించడానికి చేతికి ఫోనిచ్చే తల్లులు ఇది గుర్తుంచుకోవాలి.

"ఎలుకలకు కాన్సరు వచ్చిందటగా!" అంటారా? నిజమే. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం వారు ఇటువంటి గదుల్లోనే ఎలుకలను రెండేళ్లు ఉంచి, 2018లో ఫలితాలు ప్రకటించారు. మగ ఎలుకల గుండెలో ఒకరకం కాన్సరు గడ్డలు కనిపించాయి. కాని వాటికి రోజుకు తొమ్మిది గంటల చొప్పున ఒళ్లంతటికీ కిలోకు 1.5 నుంచి 6 వాట్ల దాకా ఇచ్చారు. పైన చెప్పిన 0.08తో పోల్చి చూడండి. విచిత్రమేమంటే, తరంగాలు తగిలిన మగ ఎలుకలే తగలనివాటికంటే ఎక్కువకాలం బతికాయి. ఇది చూసి కొట్టిపారెయ్యమనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు విభాగం 2011లో ఈ తరంగాలను "కాన్సరు కారకం కావచ్చు" అనే జాబితాలో చేర్చింది. జాగ్రత్త అవసరమే, కంగారు అనవసరం.

టవరు సంగతి అలా ఉంచండి. చాలామందికి ఎక్కువ తరంగాలు తగిలేది చెవికి ఆనించుకున్న సొంత ఫోను నుంచే. మారుమోగే గది ఒంటి మొత్తం లెక్క చెబుతుందిగాని తలకు ఎంత, చెవి దగ్గర ఎంత అని చెప్పదు. అందుకు తల ఆకారపు తొట్టిలో ద్రవం పోసి, ఫోను ఆనించి వేరే కొలుస్తారు. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి దీని హద్దు కిలోకు 1.6 వాట్లు.

సిగ్నలు అందనిచోట, లిఫ్టులో, గంటలతరబడి మాట్లాడకండి. ఫోను బలమంతా ఉపయోగించి అరుస్తుంది. ఇయర్‌ఫోను గాని స్పీకరు గాని వాడండి. "రేడియేషన్‌ను ఆపుతుంది" అంటూ అమ్మే బిళ్లలకు డబ్బు తగలెయ్యకండి. నిజంగా ఆపేదే అయితే ఫోను ఇంకా గట్టిగా అరవవలసి వస్తుంది. గర్భిణులు టవరుకు భయపడి ఇల్లు మారనక్కర్లేదు. రాత్రి ఫోను దిండు కింద కాక, కాస్త దూరంగా బల్ల మీద పెట్టుకుంటే చాలు. గుండెకు పేస్‌మేకరు అమర్చినవారు మాత్రం ఫోను చొక్కా జేబులో పెట్టుకోరాదు. కనీసం 15 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. పేస్‌మేకరు ఏ వైపు ఉందో దాని ఎదుటి వైపు చెవితోనే మాట్లాడాలి.