బేరింగులు లెక్కపెట్టి రీలు కొనకండి

నాట్లు అయిపోయాయి, కాలవ నిండా నీళ్లున్నాయి. సాయంత్రమైతే కుర్రాళ్లే కాదు, మన వయసు వాళ్లు కూడా గాలం పట్టుకుని గట్టు మీద చేరుతున్నారు. మంచిదే. కానీ ఫోన్లో "13 బేరింగులు, ఫుల్ మెటల్" అని కనిపిస్తే చాలు, రీలు ఆర్డర్ పెట్టేస్తున్నారు. నాకు నచ్చంది అదే.

మోటారు కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? బోరు లోతెంత, నీళ్లెన్ని ఇంచులు అని చూసి హెచ్‌పీ తేల్చుకుంటాం. రంగు బాగుందని ఎవడూ కొనడు కదా. రీలూ అంతే. ఏ నీళ్లు, ఏ చేప, ఏ ఎర అన్నది తేలాకే దాని జోలికి పోవాలి.

అసలు రీలే అక్కర్లేని వేట ఉంది. గట్టు పక్కనే బెండు వేసి, వానపాము గుచ్చి, పరిగెలు, జెల్లలు పట్టేవాళ్లకు వెదురు కర్ర, నైలాన్ దారం చాలు. చేప కర్ర దూరంలోనే దొరుకుతుంటే రీలు ఏం చేసుకుంటారు? ఆ డబ్బులు ఎరువుల కొట్టు బాకీకైనా పనికొస్తాయి.

బొచ్చె, శీలావతి, బంగారుతీగ కోసం పిండి ముద్ద దూరంగా విసిరి కూర్చునేవాళ్లకు మాత్రం రీలు కావాలి. స్పిన్నింగ్ రీలు, 4000 సైజు తీసుకోండి. ఇక్కడ చూడాల్సింది బేరింగులు కాదు, డ్రాగ్. అంటే రీలుకున్న బ్రేకు. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెం వదిలేది అదే. చాలామంది దాన్ని బిగించేసి, "7 కిలోల దారం, 5 కిలోల బొచ్చెకే తెగిందేంటి" అని దారాన్ని తిడతారు. పరుగు మీదున్న చేప కుదుపు దాని బరువుతో తేలేది కాదన్నా! పైగా ముడి దగ్గర దారం ఎప్పుడూ బలహీనమే.

దారం బలంలో మూడో వంతుకు మించకుండా డ్రాగ్ పెట్టుకోవాలి. 7 కిలోల దారమైతే 2 కిలోల దగ్గర జారాలి. ఇంట్లో స్ప్రింగ్ కాటా ఉంటే దారం కొస దానికి కట్టి లాగి చూడండి. కుదుపు లేకుండా నున్నగా జారితే ఆ రీలు మంచిది. ఆగి ఆగి జారితే అట్ట పెట్టె మీద 15 కిలోల డ్రాగ్ అని రాసున్నా వదిలేయండి.

కొర్రమీను సంగతి వేరు. అది గుర్రపు డెక్కలో, తామరాకుల కింద ఉంటుంది. కప్ప బొమ్మ మీద పడ్డాక దానికి దారం వదిలారంటే నాచులో దూరి చుట్టేసుకుంటుంది, ఇక రాదు. ఇక్కడ డ్రాగ్ బాగా బిగించాలి, దారం లావుపాటి అల్లిక దారం ఉండాలి. బెయిట్‌కాస్టర్ రీలుకు నిజంగా పనుండేది ఈ వేటలోనే. కానీ దాంట్లో విసిరేటప్పుడు బొటనవేలితో స్పూలు ఆపడం రావాలి. రాకపోతే దారం పిచ్చుక గూడైపోతుంది, సాయంత్రమంతా విప్పుకుంటూ కూర్చోవాలి. తేలిక ఎర దాంతో దూరం పోదు కూడా. కొత్తవాళ్లకు గట్టి స్పిన్నింగ్ రీలే మేలని నా మాట. అల్లిక దారం ఎక్కించేముందు అడుగున నాలుగు చుట్లు నైలాన్ చుట్టండి, లేకపోతే మొత్తం దారం స్పూలు మీద జారి తిరుగుతుంది. (పిల్లల్ని కాస్తున్న కొర్రమీను కనిపిస్తే మాత్రం వదిలేయండి. దాన్ని పడితే ఆ గుంపంతా పోయినట్టే.)

గేరు లెక్క ట్రాక్టర్ నడిపే మనకు చెప్పక్కర్లేదు. 5.2:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టుకు దారం 5.2 చుట్లు చుట్టుకుంటుంది. అంకె తగ్గితే లాగే బలం, పెరిగితే వేగం. మన నీళ్లకు 5కు కాస్త అటూ ఇటూ సరిపోతుంది.

సముద్రం పక్కనున్న తమ్ముళ్లు, ఉప్పుటేరుల్లో పండుగప్పకు పోయేవాళ్లు ఇంకాస్త పెద్దది, ఉప్పుకు తట్టుకునేది కొనాలి. వచ్చిన రోజే మంచినీళ్లతో కడగాలి. ఎంత ఖరీదు పెట్టినా కడగని రీలును ఉప్పు తినేస్తుంది.

బేరింగుల మాటకొస్తే, నాసిరకంవి 13 కన్నా గట్టివి 4 నయం. కొట్లో చేత్తో పట్టుకుని చూడండి. హ్యాండిల్ లొడలొడలాడకూడదు. దారం మలుపు తిరిగే చిన్న రోలర్ ఉంటుంది, దాన్ని వేలితో తిప్పండి. అది తిరక్కపోతే దారాన్ని కోసేస్తుంది. పాడైతే స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయో కూడా అడగండి. అడిగితే మొహం తిప్పుకునే చోట కొనకండి.

రీలుతో పాటు కార్బన్ రాడ్డు కూడా కొంటున్నారు కాబట్టి ఇంకొక్కటి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. కాలవ గట్ల మీద మన మోటార్ల లైన్లు ఎంత కిందకు వేలాడుతున్నాయో మీకే తెలుసు. తీగల కింద గాలం విసరొద్దు, రాడ్డు నిలబెట్టి నడవొద్దు. మడిచి చేతిలో పట్టుకుని పోండి.