పోలీసుకి ముందు మాట్లాడటం నేర్పండి



మన ఊళ్లో ఎవరైనా పురుగుమందు తాగితే ఇంటోళ్లు ఆస్పత్రిలో ఏం చెప్తారో మీకు తెలుసు. "నీళ్లనుకుని తాగేశాడండి." ఒక్కోసారి ఆస్పత్రికి తీసుకెళ్లడానికే వెనకాడతారు. కేసు పెడతారని, స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. శ్రీకాకుళ గిరిజన పోరాటం రోజుల్నుంచీ ఈ కొండల్లో ఖాకీ అంటే సోదాలు, క్యాంపులు, ఎదురుకాల్పులే. కానీ ఆ భయం వల్ల పోయే గంటలో ఒక ప్రాణం పోతోంది.

చట్టం ఏం చెప్తోందో చూడండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం, పునరావాసం ప్రభుత్వమే చూడాలి అంటుంది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్. మానసిక జబ్బుతో తనకు తాను హాని చేసుకునేలా ఉన్నవాళ్లను పోలీసులు కాపాడి 24 గంటల్లోపు దగ్గర్లోని సర్కారు ఆస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో మాత్రం పెట్టకూడదు. ఇది 100వ సెక్షన్. పోలీసులకు ఎప్పటికప్పుడు దీనిమీద శిక్షణ ఇవ్వాలని 30వ సెక్షన్ చెప్తోంది. పాత 309 సెక్షన్ అయితే 2024 జూలై 1 నుంచి వచ్చిన న్యాయ సంహితలో లేనే లేదు.

మెలిక ఇంకోచోట ఉంది. అదే న్యాయ సంహిత 226వ సెక్షన్ ప్రకారం, అధికారిని ఒత్తిడి చేయడానికి ఆత్మహత్యకు ప్రయత్నిస్తే ఏడాది వరకు జైలు వేయొచ్చు. ఇది ఎవరి మెడకు చుట్టుకుంటుందో వేరే చెప్పాలా? పోడు పట్టా కోసం తిరిగి తిరిగి, సోమవారం గ్రీవెన్స్‌కి మందు సీసాతో వచ్చే మనిషి మెడకి. ఆ క్షణంలో అతన్ని నేరస్తుడిగా చూడాలా, విసిగిపోయిన మనిషిగా చూడాలా అన్నది గేటు దగ్గరున్న కానిస్టేబుల్ చేతిలోనే ఉంటుంది. అతనికి ఎవరైనా నేర్పారా?

అమెరికాలోని మెంఫిస్‌లో 1987లో, తనను తాను పొడుచుకుంటున్న కుర్రాణ్ని కాపాడమని ఇంటోళ్లు పిలిస్తే వచ్చిన పోలీసులు కాల్చి చంపేశారు. జనం ఊరుకోలేదు. మరుసటి ఏడాది అక్కడ 40 గంటల శిక్షణ మొదలైంది. అరవకుండా, తొందరపెట్టకుండా మాట్లాడటం, చెప్పేది వినడం, స్టేషన్‌కి కాకుండా ఆస్పత్రికి తీసుకెళ్లడం నేర్పారు.

మన దగ్గర అంతకంటే ఎక్కువే కావాలి. సవర అవ్వతో సవరలో మాట్లాడేవాళ్లు ఉండాలి. అందుకే సచివాలయం మహిళా పోలీసులు, ఆశా అక్కలు, మనలాంటి కుర్రోళ్లు కూడా ఆ శిక్షణలో కూర్చోవాలి. "పోలీసోళ్లతో మనకేటి పని?" అని కొందరు అడుగుతారు. న్యాయమే. కానీ పాడేరు వైపైనా, సీతంపేట వైపైనా రాత్రి పన్నెండింటికి ముందు వచ్చేది చాలాచోట్ల ఆ జీపే.

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం ఎస్పీ ఆఫీసులకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అడగాల్సింది ఒక్కటే: 30వ సెక్షన్ కింద ఏ స్టేషన్‌లో ఎంతమందికి, ఎప్పుడు శిక్షణ ఇచ్చారు? జవాబు రాగానే ఇక్కడ పెట్టండి.

ఇది చదువుతున్న మీకే మనసు బాగోలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు.