బండి ఎవరి పేరు మీద?

శంషాబాద్ విమానాశ్రయం దగ్గర టాక్సీ నడిపే భర్త చనిపోతే ఆ బండి భార్యదేనా? ఆర్.సి. అతని పేరు మీదుంటే దారి ఉంది: 1989 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 30 రోజుల్లో ఆర్.టి.ఓ.కు తెలిపి, మూడు నెలల్లో ఫారం 31 ఇవ్వాలి. (దుఃఖానికి గడువు పెట్టిందెవరో!) కానీ నేను మాట్లాడిన ఒక స్త్రీ చేతిలో స్టాంపు కాగితం, తాళంచెవి మాత్రమే ఉన్నాయి. పుస్తెలమ్మి కొన్న సెకండ్‌హ్యాండ్ కారు ఇంకా పాత యజమాని పేరునే ఉంది. అతన్ని వెతికి ఫారం 29, 30 మీద తన పేరిట సంతకాలు తెచ్చుకోవాలి. అతనికీ ఇది అవసరమే. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట చెప్పి సంతకం అడగమన్నాను. ఆర్.సి.లో నామినీ పేరు రాయించే వీలు 2021లో వచ్చింది. మీ ఇంటి బండి కాగితం ఒకసారి తీసి చూడండి.