మంచుకూ ఓ లెక్కుంది

నదిని ఆయిల్ రంగుల్లో వెయ్యాలనుకునేవాళ్లకు ఇప్పుడు వీడియోలకు కొదవ లేదు. పావుగంటలో నాలుగు అడ్డగీతలు లాగి, పైన కాస్త తెల్లరంగు పులిమితే పొగమంచు తయారు. చూడ్డానికి సరదాగానే ఉంటుంది. కుంచెను వదులుగా ఆడించడమంటే తొందరగా ముగించెయ్యడమేనన్న నమ్మకం దాంతోపాటే పాకుతోంది, చిక్కల్లా అదే.

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే ఈ పని ఎలా చేశాడో చూడాలి. 1896, 97ల్లో ఫ్రాన్స్‌లోని జివెర్నీ దగ్గర, ఎప్త్ నది సేన్‌లో కలిసే చోట ఆయన పడవలోంచి బొమ్మలు వేశాడు. తెల్లవారుజామున మూడున్నరకే లేచేవాడు. పద్నాలుగు కాన్వాసులు ఒకేసారి నడిచేవి. వెలుగు మారగానే సహాయకుడు ఒకటి తీసి మరొకటి అందించాలి. మసకచీకటిది ఒకటి, మంచు విడుతున్నప్పటిది ఇంకొకటి. ఒక్కోదానికి దక్కేది కొద్ది సమయమే. ఆలోగా మబ్బు పట్టిందా, ఆ పూటకు అదీ లేదు. ఇంత పట్టింపుతో వేసిన బొమ్మలో చెట్టెక్కడ ఆగిందో, నీళ్లలో దాని నీడ ఎక్కడ మొదలైందో తేల్చుకోలేం.

లండన్‌లోనూ అదే తంతు. 1899 నుంచి 1901 దాకా మూడు విడతలు సవాయ్ హోటల్లో దిగి, బొగ్గుపొగలో మునిగిన థేమ్స్ వంతెనల్ని వేశాడు. ప్రదర్శన పెట్టింది మాత్రం 1904లో. ఈలోగా వాటిని జివెర్నీ స్టూడియోలో దిద్దుతూనే ఉన్నాడు. ఇవన్నీ నది ఎదుట ఒక్క ఊపులో ముగిశాయనుకునేవాళ్లు ఆ మూడేళ్లను ఏ ఖాతాలో వేస్తారో!

అంతకు చాలా ముందే, 1872లో, సేన్ సముద్రంలో కలిసే చోటున్న లె ఆవ్ర్ రేవును మంచులో వేశాడు. అదే 'ఇంప్రెషన్, సన్‌రైజ్'. 1874లో ఓ ప్రదర్శనలో దాన్ని చూసిన లూయీ లెరోయ్ అనే విమర్శకుడు, గోడకంటించే కాగితం కూడా ఇంతకన్నా నయమని ఎద్దేవా చేశాడు.

కానీ ఆ బొమ్మను ఫోన్లో నలుపు తెలుపుల్లోకి మార్చి చూస్తే నారింజ రంగు సూర్యుడు దాదాపు మాయమైపోతాడు. చుట్టూ ఉన్న బూడిద రంగుకెంత వెలుగుందో సూర్యుడికీ అంతే పెట్టాడు మోనే. తేడా అంతా రంగులోనే. అందులో గోరంత తెలుపు ఎక్కువ కలిపి ఉంటే సూర్యుడు భగ్గుమనేవాడు, మంచు కాస్తా విడిపోయేది. కుంచె ఎంత వదులుగా తిరిగినా ఈ కొలత దగ్గర చెయ్యి జారలేదు.

మన ఆర్టు క్లాసుల్లో పిల్లల చేత గోదావరి మంచు వేయించేవాళ్లు కూడా తెల్లరంగును నేరుగా పులమనివ్వకుండా, ముందు ఒక పూటంతా వాళ్ల చేత బూడిద రంగులు కలిపిస్తే బాగుంటుంది. బొమ్మ పూర్తయ్యాక దాన్నీ ఫోన్లో అలాగే మార్చి చూపించవచ్చు.