జొన్న బీరు కలలో రైతు వాటా ఎంత?

మా తమ్ముని కొడుకు బెంగళూరులో ఆరేళ్లు ఉద్యోగం చేసి, పోయిన ఉగాదికి ఊరు చేరినాడు. సామానులో ఒక స్టీలు డ్రమ్ము, థర్మామీటరు, ప్లాస్టిక్ గొట్టాలు ఉన్నాయి. మందు కొట్టే పంపేమో అనుకున్నా. "బీరు కాచేవి, పెద్దనాయనా" అన్నాడు. అక్కడి బీరు హోటళ్లలో చూసి సరదాగా నేర్చుకున్నాడంట. ఇప్పుడు దాన్నే బతుకుతెరువు చేసుకుంటానంటాడు. అదీ బార్లీతో కాదు, మన తెల్లజొన్నతో.

నవ్వొచ్చింది. కానీ జొన్న అన్నాక కొట్టిపారేయలేకపోయినా. 2025-26కి హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు. మా ఊర్లో అంతకు ఏడెనిమిది వందలు తక్కువకే తూకమేసి ఇచ్చినాం.

పిల్లోడు చెప్పిన పద్ధతి ఇది. జొన్నలు రాత్రంతా నానేసి, తడి గోనెసంచిలో మూడు నాలుగు రోజులు మొలకెత్తించి ఎండబెట్టాలి. ఎండినాక మొలక, వేరు రుద్ది తీసెయ్యాలి. ఎందుకని అడగాల్సిన పని మనకు లేదు. లేత జొన్నపైరు మేసి నాముతో పడిపోయిన గొడ్లను చూసినోళ్లం. ఆ విషమే మొలకలోనూ ఉంటుంది. తర్వాత పిండి పట్టి, వేడినీళ్లలో గంటసేపు ఉంచితే గంజి తియ్యబడుతుంది. వడకట్టి, కాచి, చల్లార్చి, ఈస్టు కలిపితే రెండు వారాల్లో బీరు. బార్లీకి పొట్టు ఉంటుంది కాబట్టి సులువుగా వడుస్తుంది, జొన్నకు అది లేదు, అదే కష్టమంటాడు.

అసలు కష్టం అది కాదు. 1968 నాటి మన ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం చేయడం నేరం. ఇంట్లో తాగడానికే అన్నా కేసు తప్పదు. అమెరికాలో ఇంటి బీరుకు 1978లోనే చట్టం ఒప్పుకుంది, అట్లా సరదాగా మొదలుపెట్టినోళ్లే తర్వాత కంపెనీలు పెట్టినారు. ఇక్కడ లైసెన్సు ఫీజు కట్టగలిగేది ఎవరో మీకు తెలుసు. అందుకే మా వాడిని ఇక్కడ ఒక్క చుక్క కాయనియ్యలేదు.

మేమిద్దరం కూర్చుని లెక్క వేసినాం. 650 మిల్లీలీటర్ల సీసాకు 170, 180 గ్రాముల జొన్నలు పడతాయి. మద్దతు ధరే దక్కినా ఆరేడు రూపాయలు. తాగేవాడు ఆ సీసాకు పెట్టేదెంత? మిగతాదంతా పన్నుకూ, కంపెనీకీ, షాపుకూ పోతుంది. 2019 నుంచి అయిదేళ్లు సర్కారే షాపులు నడిపింది, 2024 అక్టోబరు నుంచి ప్రైవేటువాళ్లకు ఇచ్చింది. రెండు పద్ధతుల్లోనూ రైతు ఊసే లేదు.

ఉగాండాలో 2002లో ఈగిల్ లాగర్ అని జొన్న బీరు వచ్చింది. స్థానిక పంటతో చేసే బీరుకు అక్కడి సర్కారు పన్ను తగ్గించింది, కంపెనీ ఎపురిపుర్ అనే తెల్లజొన్నను రైతులతో ఒప్పందం పెట్టుకుని కొన్నది. నైజీరియా 1988లో బార్లీ దిగుమతి ఆపేస్తే పెద్ద కంపెనీలే జొన్నకూ మక్కకూ మళ్లినాయి. అంటే పని జరగనిది కాదు. కానీ అక్కడా రైతు గింజ అమ్మేవాడిగానే మిగిలినాడు.

ఈ మాట సంఘంలో ఎత్తితే మా మహిళా సభ్యురాలొకామె ఊరుకోలేదు. "సారా వద్దని రోడ్డెక్కినాం, ఇప్పుడు మీరే కాస్తారా అన్నా?" అనింది. దూబగుంట నుంచి మొదలైన ఆ పోరాటంలో నేనూ మైకు పట్టినవాణ్ణే. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చిన రోజు మా వీధి నాకింకా గుర్తుంది. ఆమెకు జవాబు చెప్పలేదు. ఆమె తప్పు మాట్లాడలేదు కాబట్టి.

అయితే మొలకెత్తించి ఎండబెట్టిన జొన్నకు ఎక్సైజు లైసెన్సు అక్కర్లేదు. ఆహార భద్రత రిజిస్ట్రేషను తీసుకుంటే రాగి మాల్టు మాదిరిగా పిల్లల జావకు అమ్ముకోవచ్చు, రేపు బీరు కంపెనీ వచ్చినా గింజగా కాక మాల్టుగా అమ్మొచ్చు. కర్నూలు, కడప జిల్లాల్లో రైతు సొసైటీలకు మాల్టు యూనిట్లు, ఆరబెట్టే యంత్రాలు సబ్సిడీ మీద ఇయ్యాలని అడుగుదాం. బీరు లైసెన్సుల్లో స్థానిక జొన్న, కొర్రలు వాడాలనే షరతు పెట్టమనీ అడుగుదాం. చిన్న తయారీదారుకు లైసెన్సు సంగతి మాత్రం ఆడవాళ్లతో కూర్చుని తేల్చుకున్నాకే.

మా వాడి డ్రమ్ము అటక మీద ఉంది. పది కిలోల మొలక జొన్నలు మిద్దె మీద ఎండుతున్నాయి. వచ్చే సమావేశానికి పిండి తెస్తాం, జావ కాచి చూడండి.