స్వచ్ఛంద సంస్థల అనుభవ కథనం: వ్యవసాయ విద్యార్థులకు ఒక ప్రయోగాత్మక శిక్షణ

తెలుగు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో మూడు నాలుగు దశాబ్దాలుగా పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థల్లో ఒక విచిత్రమైన పరిస్థితి కనిపిస్తుంది. పని తెలుగులో జరుగుతుంది, దాని గురించిన రాత ఆంగ్లంలో సాగుతుంది. కట్టలు పోసిన కూలీ, విత్తనాలు దాచి పంచిన మహిళ, కషాయం కాచి పత్తిని కాపాడుకున్న రైతు వార్షిక నివేదికలో రెండు పేరాలుగా, ఒక ఛాయాచిత్రంగా మారి దాతల కార్యాలయాలకు చేరుతారు. పక్క మండలం రైతుకు ఆ నివేదిక అందదు. విస్తరణ శాస్త్రవేత్తకు కూడా అరుదుగానే అందుతుంది. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం సామాజిక బాధ్యత నిధులు రావడం మొదలైన తరువాత నివేదికల సంఖ్య పెరిగింది. అయితే వాటిలో లబ్ధిదారులెందరు, ఎకరాలెన్ని అన్న లెక్కకున్న చోటు, ఏ పొలంలో ఏమి జరిగింది, ఎందుకు జరిగింది అన్న వివరణకు లేదు.

ఈ లోపం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. ఒకనాటి ఖమ్మం జిల్లాలోని, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పునుకుల గ్రామం ఇందుకు మంచి నిదర్శనం. పత్తిపై పురుగుమందుల ఖర్చుతో, అప్పులతో కుంగిన ఆ ఊరి రైతులు ఒక స్థానిక స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో వేప గింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటల వైపు మళ్లారు. 2003 నాటికి రసాయన పురుగుమందులు వాడని గ్రామంగా తమను తామే ప్రకటించుకున్నారు. ఆ సంగతి ఊరు దాటి వెళ్లినందువల్లనే ప్రభుత్వ రంగంలోని గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ దానిని చూసింది. ఉమ్మడి రాష్ట్రంలో పురుగుమందులు లేని సస్యరక్షణను మహిళా సంఘాల ద్వారా విస్తరించడానికి ఆ అనుభవం ఒక ఆధారమైంది. పునుకుల వంటి అనుభవం ఉండి, చెప్పేవారు లేక ఊరి పొలిమేరలోనే ఆగిపోయిన గ్రామాలు తప్పక ఉంటాయి.

ఈ ఖాళీని పూరించడానికి వ్యవసాయ కళాశాలలకు కొత్త పథకమేదీ అవసరం లేదు. బి.ఎస్సీ. వ్యవసాయ విద్యార్థి తుది సంవత్సరంలో 20 వారాల గ్రామీణ కార్యానుభవాన్ని పూర్తి చేస్తాడు. అందులో ఎనిమిది వారాలు గ్రామంలో గడుపుతాడు. మూడు వారాలు వ్యవసాయ పరిశ్రమలకు అనుబంధంగా ఉంటాడు. ఈ మూడు వారాల్లో అత్యధికులు విత్తన, ఎరువుల, పురుగుమందుల కంపెనీల వద్దకో, ప్రాసెసింగ్ యూనిట్లకో వెళ్లడం ఆనవాయితీ. ఆ కంపెనీలకు తమ సంగతి చెప్పుకోవడానికి ప్రచార విభాగాలున్నాయి. స్వచ్ఛంద సంస్థలకు లేవు. కాబట్టి ముందుగా ఒక్క కళాశాలలో, ఇష్టపడిన కొద్దిమంది విద్యార్థులను రెండు మూడు సంస్థలకు అనుబంధించి, వారి అనుభవాలను తెలుగులో నమోదు చేసే బాధ్యతను ఒప్పగించి చూడవచ్చు. అయితే మూడు వారాలు చాలవు. గ్రామంలో గడిపే ఎనిమిది వారాలను కూడా అదే సంస్థ పనిచేసే ఊరిలో కేటాయిస్తే, విద్యార్థి పంటను ఒక దశలో కాక రెండు మూడు దశల్లో చూడగలుగుతాడు.

ఇది పాత్రికేయ విద్యార్థులు చేయవలసిన పని కదా అన్న సందేహం సహజమే. వాక్యం చక్కగా రాయడంలో వారిదే పైచేయి కావచ్చు. కానీ సంస్థలు చెప్పే సంగతుల్లో అధిక భాగం దిగుబడికి, నీటికి, నేలకు సంబంధించినవి. వాటిని తూచి చూడడం సేద్య విజ్ఞానం చదివినవారి పని. ఉదాహరణకు, సేద్యపు కుంట తవ్విన తరువాత అనంతపురం ఎర్ర నేలలో వేరుశనగ దిగుబడి రెట్టింపైందని ఒక రైతు చెప్పాడనుకుందాం. రైతు అబద్ధమాడడు. అయినా విద్యార్థి అడగవలసిన ప్రశ్నలు చాలా ఉంటాయి. పోల్చిన సంవత్సరం కరవు సంవత్సరమా? ఊడలు దిగే దశలో వాన పడిందా, కుంట నీరు పెట్టారా? కుంట లేని పక్క పొలంలో అదే ఏడు ఎంత పండింది? చెప్పిన తూకం పచ్చి కాయలదా, ఎండిన కాయలదా? కోత నాటి కాయలో మూడో వంతుకు పైగా తేమే ఉంటుంది కనుక ఈ ఒక్క ప్రశ్నతోనే లెక్క తారుమారు కావచ్చు. బస్తాల్లో చెబితే ఆ బస్తా ఎన్ని కిలోలు? వరి బస్తా, వేరుశనగ బస్తా ఒకే బరువు కావు. సాళ్ల మధ్య వేసిన కందిని లెక్కలో కలిపారా, వదిలేశారా? వీటికి సమాధానాలు దొరికిన తరువాత కూడా దిగుబడి పెరిగిందనే తేలితే, ఆ కథనం దాతకే కాక శాస్త్రవేత్తకూ పనికివస్తుంది. తేలకపోతే అదీ రాయాలి. నిజానికి విద్యార్థికి దక్కే అసలు శిక్షణ ఇక్కడే ఉంది. పరిశోధనా క్షేత్రంలో కంట్రోల్ ప్లాట్‌ను ఎవరో వేసి ఉంచుతారు, రైతు పొలంలో దానిని తానే వెతుక్కోవాలి.

కథనం చేయడమంటే గ్రామానికి నోరు ఇవ్వడమని భ్రమపడకూడదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఎవరో వచ్చి రాస్తారని ఎదురుచూడలేదు. వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. బీటీ పత్తికి అనుమతి లభించిన తొలి సీజన్‌లో వరంగల్ రైతుల వద్దకు వెళ్లి వారి అనుభవాలను చిత్రీకరించారు. 2008 అక్టోబరులో మాచ్‌నూరు గ్రామం నుంచి సంఘం రేడియోను ప్రారంభించారు. బీటీ పత్తిపై వారి నిర్ధారణలతో ఏకీభవించని శాస్త్రవేత్తలు ఉంటారు, ఉండవచ్చు. కానీ రైతు వద్దకే వెళ్లి అతని మాటను అతని నోటనే వినిపించిన పద్ధతిని తప్పుపట్టలేరు. అటువంటి సంస్థకు వెళ్లిన విద్యార్థి రాయడానికి ముందు కొన్నాళ్లు వినడం మేలు.

ఈ ప్రయోగానికి ఉన్న అతిపెద్ద ప్రమాదం ప్రచారం. ఆతిథ్యమిచ్చిన సంస్థను మెచ్చుకోవాలన్న మొహమాటం ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థికి ఉంటుంది. నిధులకు పనికివచ్చే విజయగాథ కావాలన్న ఆశ సంస్థకు ఉంటుంది. ఈ రెండూ కలిస్తే వెలువడేది కరపత్రమే. అందువల్ల ప్రయాణ, వసతి ఖర్చులను విశ్వవిద్యాలయమే భరించాలి. కథనంలోని అంకెలను మార్గదర్శక అధ్యాపకుడు పరిశీలించాలి. వాస్తవ దోషాలు ఎత్తిచూపే హక్కు సంస్థకు ఉండాలి కానీ, అభిప్రాయాన్ని మార్పించే హక్కు ఉండకూడదు. ప్రతి విద్యార్థీ ఫలించని ప్రయత్నం ఒక్కదాన్నయినా నమోదు చేయాలన్న నియమం పెడితే ఇంకా మంచిది. మొలకెత్తని విత్తన బ్యాంకు, మూడో ఏట మూతపడిన అద్దె పనిముట్ల కేంద్రం విస్తరణ శాస్త్రానికి విజయగాథ కంటే ఎక్కువ నేర్పుతాయి. సంస్థలు ఇందుకు వెంటనే ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నవాటితోనే మొదలుపెట్టాలి.

రైతు అనుమతి మరొక ముఖ్య విషయం. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చినా, ఇది కేవలం సంతకానికి సంబంధించిన సంగతి కాదు. అప్పుల వివరాలు, భర్త మరణం, పంట నష్టం ముద్రణలో కనబడితే ఊళ్లో ఏమవుతుందో ఆ కుటుంబానికే తెలుసు. రాసిన దానిని వారికి చదివి వినిపించి, వద్దన్న వాక్యాన్ని తీసివేసిన తరువాతనే బయటికి పంపాలి. చదివి వినిపించాలంటే అది వారి తెలుగులో ఉండక తప్పదు. ఈ ఒక్క నియమం వల్లనే రాతలోని అనవసరపు పారిభాషిక పదాలు సగం రాలిపోతాయి.

ఇక మార్కుల విషయం. ప్రస్తుత కార్యానుభవ రికార్డుల్లో సీనియర్ల పాత పుస్తకాల నుంచి దించినవి ఎన్ని ఉంటాయో ప్రతి మూల్యాంకకుడికీ తెలుసు. కథనానికి క్రెడిట్లు కేటాయించేటప్పుడు పేజీల సంఖ్యను చూడకుండా క్షేత్ర నోటు పుస్తకాన్ని, రికార్డు చేసిన సంభాషణలను, పోల్చి చూసిన పొలం వివరాలను చూడాలి. రైతు వాడిన స్థానిక పదాలు, ఉదాహరణకు పురుగుల పేర్లు, నేలల పేర్లు, కార్తెల లెక్కలు, యథాతథంగా ఉన్నాయో లేదో చూడాలి. ఏడో సెమిస్టర్ చాలావరకు ఖరీఫ్‌తో కలిసి నడుస్తుంది కనుక సంస్థలతో ఒప్పందాలు వేసవిలోనే పూర్తి కావాలి. విత్తనం పడిన తరువాత పంపిన విద్యార్థి సగం సంగతిని ఇతరులు చెప్పగా వినవలసి వస్తుంది.