రౌటర్‌లోని సాఫ్ట్‌వేర్ మీద హక్కు ఎవరిది?

జహీరాబాద్ పారిశ్రామిక స్మార్ట్ సిటీకి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదం తెలిపింది. 3,245 ఎకరాలు, రూ. 2,361 కోట్ల అంచనా వ్యయం. అదే ఏడాది డిసెంబరులో ఇదే సంగారెడ్డి జిల్లాలోని సంగుపేటలో రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ సంస్థ టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా ఇళ్లకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. భూములు, పరిహారం, ఉద్యోగాలు, కేబుల్ ఎక్కడిదాకా వచ్చిందన్న లెక్కల మీద చర్చ సాగుతూనే ఉంది. ఆ కేబుల్ ఇంట్లోకి వచ్చి ఆగే చోట గోడకు బిగించే రౌటర్ గురించి మాత్రం మాట వినబడదు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఎవరి చెప్పుచేతల్లో ఉండాలన్నది ఇప్పుడే తేల్చుకోవలసిన ప్రశ్న. లక్షల ఇళ్లలో పెట్టెలు బిగించేశాక తేల్చుకోవడం చాలా కష్టం.

రౌటర్ అంటే ఒక చిన్న కంప్యూటర్. ప్రాసెసర్, ర్యామ్, ఫ్లాష్ చిప్పు అన్నీ ఉంటాయి. చాలావాటిలో నడిచేది లినక్సే. ఇంట్లోవాళ్ల బ్యాంకు లావాదేవీలు, పిల్లల ఆన్‌లైన్ పాఠాలు, గుమ్మం దగ్గరి సీసీ కెమెరా దృశ్యాలు అన్నీ దాని గుండానే వెళ్తాయి. కంపెనీ ఎక్కించి పంపిన సాఫ్ట్‌వేర్‌లో, అంటే ఫర్మ్‌వేర్‌లో, లోపాలు బయటపడుతుంటాయి. వాటిని సరిచేసే అప్‌డేట్లు కొన్నేళ్లు వస్తాయి, తర్వాత ఆగిపోతాయి. ఆగిపోయిన సంగతి పెట్టె మనకు చెప్పదు. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, నెట్ వస్తూనే ఉంటుంది.

దీని వల్ల ఏమవుతుందో మన దేశం 2017 జూలైలోనే చూసింది. బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ చందాదారుల మోడెమ్‌ల మీద బ్రికర్‌బాట్ అనే మాల్వేర్ దాడి చేసింది. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన వాటిని వెతికి పట్టుకుని, లోపలి ఫ్లాష్ మెమరీని పాడుచేసింది. 60,000కు పైగా మోడెమ్‌లు దెబ్బతిన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. పాస్‌వర్డ్ మార్చుకోకపోవడం చందాదారుల తప్పని అనేయవచ్చు. అయితే అలా మార్చుకోవాలని వాళ్లకు ముందుగా చెప్పిందెవరు? ఒకే పాస్‌వర్డుతో వేలాది పెట్టెలు ఫ్యాక్టరీ గడప దాటడమే అసలు తప్పు. ఇంకో రకం ప్రమాదం గురించి 2025 మేలో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. అప్‌డేట్లు ఆగిపోయిన పాత లింక్‌సిస్ రౌటర్లలోకి చొరబడి, వాటిని సైబర్ నేరగాళ్లకు ముసుగుగా అద్దెకిస్తున్నారని చెప్పింది. ఎక్కడో జరిగిన మోసానికి ఆ ఇంటి ఐపీ అడ్రస్ ఆధారంగా దొరుకుతుంది. ఇంటాయనకు ఆ సంగతే తెలియకపోవచ్చు.

కంపెనీ వదిలేసిన పెట్టెకు వేరే ఫర్మ్‌వేర్ వేసుకునే దారి ఒకటుంది. అది తెరుచుకోవడానికి కారణం లైసెన్సులోని ఒక షరతు. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్‌లో లినక్స్ ఉందని 2003లో ప్రోగ్రామర్లు గుర్తించారు. లినక్స్‌కు ఉన్న జీపీఎల్ లైసెన్సు ప్రకారం, దాన్ని వాడి వస్తువు అమ్మినవారు కొన్నవారికి సోర్స్‌కోడ్ ఇచ్చి తీరాలి. లింక్‌సిస్‌ను దాదాపు 50 కోట్ల డాలర్లకు కొన్న సిస్కో, ఒత్తిడి పెరిగాక ఆ ఏడాదే కోడ్ విడుదల చేసింది. మరుసటి ఏడాది ఎవరైనా వాడుకోగల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఫర్మ్‌వేర్ మొదలైంది. డీడీ-డబ్ల్యూఆర్‌టీ, టొమాటో కూడా ఆ కాలంలో వచ్చినవే. 2005లో కంపెనీ అదే మోడల్‌లో మెమరీ సగానికి తగ్గించి, లినక్స్ తీసేసి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టింది. లినక్స్ రకమే కావాలనుకునేవాళ్లు ఉన్నారని తెలిసి, దాన్ని డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ పేరుతో మళ్లీ అమ్మకానికి తెచ్చింది. అది ఏళ్ల తరబడి అమ్ముడుపోయింది. సాఫ్ట్‌వేర్ మార్చుకోనిస్తే వ్యాపారం దెబ్బతింటుందని వాదించేవారికి నేను చూపగలిగే జవాబు ఇదే. ఇప్పుడు క్వాల్‌కామ్, మీడియాటెక్ వంటి చిప్పు కంపెనీలు రౌటర్ తయారీదారులకు ఇచ్చే మూల సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పునాది మీద కట్టిందే. నలుగురూ కలిసి బహిరంగంగా రాసిన కోడ్‌ను తీసుకుని, తాళం వేసి, మనకే అమ్మడం న్యాయం కాదు.

కొత్త ఫర్మ్‌వేర్ వేసుకుంటే వచ్చేది భద్రత ఒక్కటే కాదు. ఇంట్లో ఒకరు ఫోన్‌లోని వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే ఇంకొకరి వీడియో కాల్ ముక్కలైపోవడం చిన్న పట్టణాల్లో అందరికీ అనుభవమే. నెట్ స్పీడ్ చాలదని ఖరీదైన ప్లాన్ తీసుకుంటారు. ఇబ్బంది చాలాసార్లు స్పీడ్‌లో ఉండదు. రౌటర్, మోడెమ్ అవసరానికి మించి ప్యాకెట్లను వరుసలో నిలబెట్టడం వల్ల, తొందరగా వెళ్లాల్సిన మాట కూడా పెద్ద ఫైలు వెనకాల ఆగిపోతుంది. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరుపెట్టి లోకం దృష్టికి తెచ్చినవాడు జిమ్ గెటిస్. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసిన డేవ్ టాట్, ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నడిచే మామూలు ఇంటి రౌటర్ల మీదే ప్రయోగాలు చేశారు. ఎఫ్‌క్యూ-కోడెల్, ఆ తర్వాత కేక్ అనే పద్ధతులు ఆ కృషిలోంచి వచ్చాయి, చివరికి లినక్స్‌లోనే భాగమయ్యాయి. పెట్టెలో సాఫ్ట్‌వేర్ మార్చే వీలు లేకపోతే ఈ పరిశోధన జరిగేదే కాదు. దాని ఫలితం ఈనాడు ఉచితంగా దొరుకుతోంది, మన ఇళ్లలోని చాలా పెట్టెల్లో మాత్రం దాన్ని వాడుకునే మీట లేదు.

ఇది అందరూ ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన పని కాదు. ఒకే మోడల్ పేరుతో లోపల వేర్వేరు చిప్పులు పెట్టి అమ్ముతారు. టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రెండో వెర్షన్‌లో ఉన్నది క్వాల్‌కామ్ చిప్పు, మూడో వెర్షన్‌లో ఉన్నది మీడియాటెక్. ఒకదాని ఫైలు ఇంకొకదానిలోకి ఎక్కిస్తే పెట్టె మొండికేస్తుంది. అడుగున అతికించిన లేబుల్ మీది వెర్షన్ నంబరు చూడకుండా ఈ పనికి దిగకూడదు. మన దగ్గర విరివిగా అమ్ముడైన టీఎల్-డబ్ల్యూఆర్841ఎన్ పాత వెర్షన్లలో 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ మాత్రమే ఉంటాయి. అంత చిన్న పెట్టెలకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07 తర్వాత కొత్త విడుదలలు ఇవ్వడం మానేసింది. ఫర్మ్‌వేర్ ఎక్కుతుండగా కరెంటు పోయి మధ్యలో ఆగితే సీరియల్ కేబుల్‌తోనో, టీఎఫ్‌టీపీతోనో మళ్లీ లేపాలి. అది తెలిసినవాళ్లు పక్కన ఉండాలి. ఇక ఫైబర్ నేరుగా వచ్చి చేరే పెట్టె కంపెనీదే. అందులోని సాఫ్ట్‌వేర్‌ను, సెట్టింగులను కంపెనీ దూరం నుంచే మారుస్తుంది. అక్కడ మనం చేయగలిగింది ఆ పెట్టెను సిగ్నల్ దాటించడానికే పరిమితం చేసే బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని అడిగి, దాని వెనక సొంత రౌటర్ పెట్టుకోవడం. అడిగితే పెట్టి ఇవ్వాలన్న నిబంధన ఉంటే బాగుంటుంది. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి కనెక్షన్ ఇచ్చే కంపెనీ తన రౌటర్‌నే వాడమని బలవంతం చేయడం చట్టవిరుద్ధం.

తాళం ఎందుకు వేస్తున్నారని అడిగితే రేడియో తరంగాల వంక ముందుకొస్తుంది. సాఫ్ట్‌వేర్ మార్చినవాడు పరిమితి దాటి సిగ్నల్ పంపుతాడని, ఇతర సేవలకు అడ్డం వస్తాడని అంటారు. 2015లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఈ ఉద్దేశంతోనే మార్గదర్శకాలు తెస్తే, తయారీదారులు మొత్తం ఫర్మ్‌వేర్‌కే తాళం వేయడం మొదలుపెట్టారు. 2016 ఆగస్టులో టీపీ-లింక్‌తో కుదిరిన రాజీలో అదే సంస్థ 2 లక్షల డాలర్ల జరిమానాతో పాటు, బయటి ఫర్మ్‌వేర్‌కు వీలు కల్పించే మార్గం వెతకాలని కూడా రాయించింది. రేడియో భాగానికి హద్దు పెట్టి మిగతాది వదిలేయవచ్చని నియంత్రణ సంస్థే ఒప్పుకున్నట్టు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు 2005లో, 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్‌కు 2018లో లైసెన్సు అవసరం తీసేశారు. పవర్ పరిమితులు నిబంధనల్లోనే ఉన్నాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో దేశం పేరు ఇండియా అని ఎంచుకుంటే ఆ పరిమితులు అమలవుతాయి.

తరంగాలను జనం చేతికిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు జహీరాబాద్ దగ్గర సొంత అనుభవం ఉంది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు మాచ్నూర్‌లో యునెస్కో సాయంతో రేడియో స్టేషన్ కట్టుకున్నది 1990ల చివర్లో. ప్రసారానికి అనుమతి లేక క్యాసెట్లు ఊరూరా తిప్పి సంఘం సమావేశాల్లో వినిపించారు. స్వచ్ఛంద సంస్థలకు దారి తెరిచిన కమ్యూనిటీ రేడియో విధానం 2006 నవంబరులో వచ్చాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకెక్కింది. ప్రారంభించినది జస్టిస్ పి.బి. సావంత్. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో తీర్పు రాసిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆయనే. స్టేషన్ నడిపినవారు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే దళిత మహిళలు. ట్రాన్స్‌మిటర్ వాళ్ల చేతిలో ఉంది, పవర్ పరిమితి చట్టంలో ఉంది, రెండూ కలిసి నడిచాయి. రౌటర్ విషయంలోనూ ఇలాగే సాధ్యమని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

అదే సంఘాల మహిళలు విత్తనం విషయంలో చేసినది ఇంకా లోతైనది. ఏటా కంపెనీ దగ్గర కొనకుండా, తమ పంటలోంచి తీసి, బూడిద, వేపాకు కలిపి దాచి, పొరుగువారికి ఇచ్చుకునే పద్ధతిని వాళ్లు నిలబెట్టారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ఆ పద్ధతికి చట్టబద్ధత ఇచ్చింది. రక్షణ పొందిన రకమైనా సరే, బ్రాండు పేరుతో అమ్మనంతవరకు రైతు దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కంపెనీకి రకం మీద హక్కు ఇస్తూనే, కొన్నవాడి చేతిలోని విత్తనం మీద కంపెనీ అధికారానికి చట్టం ఒక హద్దు గీసింది. డబ్బిచ్చి కొన్న యంత్రంలోని సాఫ్ట్‌వేర్‌కు అలాంటి హద్దు గీసిన సెక్షన్ మన దగ్గర లేదు.

ఇతర దేశాలు కొంత ముందుకెళ్లాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే పాస్‌వర్డుతో పరికరాలు అమ్మకూడదు, అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో ముందే ప్రకటించాలి. ఐరోపా సైబర్ రెసిలియెన్స్ చట్టం కింద 2027 డిసెంబరు 11 నుంచి సాధారణంగా కనీసం ఐదేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇవ్వాలి. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో రిపేరు హక్కు కోసం సేద్యపు యంత్రాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలు ఎంచుకుంది. రౌటర్ వీటిలో ఎక్కడికి చెందుతుందో తేల్చాలి. ఈ-వ్యర్థాల నియమాలు 2022 రౌటర్లను, మోడెమ్‌లను తమ పరిధిలోకి తెచ్చాయి. పారేశాక ఏం చేయాలో చెప్పే చట్టం, పారేయకుండా ఇంకో ఐదేళ్లు వాడుకునే దారి కూడా చూపించాలి. టెలికాం పరికరాలకు ఉన్న తప్పనిసరి పరీక్ష పెట్టె అమ్మకానికి వచ్చిన నాటి స్థితిని చూస్తుంది. అప్‌డేట్లు ఆగిన నాటి సంగతి అందులో లేదు.

ఢిల్లీ చట్టం కోసం ఎదురుచూడకుండా రాష్ట్రం చేయగలిగింది ఒకటుంది. టీ-ఫైబర్ పెట్టెలు ప్రభుత్వ సొమ్ముతో కొనేవి, టెండర్ షరతులు ప్రభుత్వం రాసేవే. ప్రతి పెట్టెకూ వేరే పాస్‌వర్డు ఉండాలి. చివరి అప్‌డేట్ తేదీ లేబుల్ మీద తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయాలి. జీపీఎల్ కింద ఇవ్వాల్సిన సోర్స్‌కోడ్‌ను పెట్టెతోపాటే అప్పగించాలి. ఆ తేదీ దాటిన రోజున, పెట్టెను మొదట లేపే బూట్‌లోడర్ తాళం తీసే ఫైలును సరఫరాదారు బహిరంగంగా పెట్టాలి, అంతవరకు దాన్ని ప్రభుత్వం దగ్గర డిపాజిట్ చేయాలి. ఈ నాలుగు వాక్యాలను టెండర్‌లో చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. తాళం తీశాక పనిచేయగలిగిన చేతులు జిల్లాలో ఉన్నాయి: కందిలో ఐఐటీ హైదరాబాద్ విద్యార్థులున్నారు, స్వేచ్ఛ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థల శిక్షణ పొందిన ఇంజనీరింగ్ పిల్లలున్నారు, ఫోన్లకు రోజూ సాఫ్ట్‌వేర్ ఎక్కించే రిపేరు షాపులు ప్రతి పట్టణంలో ఉన్నాయి. ఇదే షరతుల్ని జహీరాబాద్ స్మార్ట్ సిటీలో పెట్టబోయే కెమెరాలకు, మీటర్లకు, నెట్‌వర్క్ పెట్టెలకు కూడా వర్తింపజేయాలి. వాటి కొనుగోలు టెండర్లు ఖరారయ్యేలోపే ఆ మాట వాటిలోకి ఎక్కాలి.